మోరల్ మెషీన్ రివ్యూ: సర్వేగా సూపర్, తీర్పుగా కాదు

ప్రమాదం తప్పనప్పుడు డ్రైవర్ లేని కారు ఎవర్ని కాపాడాలో జనాన్ని అడగడానికి అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ మీడియా ల్యాబ్ వాళ్ళు 2016లో పెట్టిన మోరల్ మెషీన్ అనే సైట్ గురించి ఇది. ఫ్రీనే, ఫోన్ బ్రౌజర్లోనే ఓపెనవుద్ది. నీతి అనేది ఎవరికి వాళ్ళు అనుకునేదా (సబ్జెక్టివ్) లేక అందరికీ ఒకటేనా (ఆబ్జెక్టివ్) అని వాదన మొదలైతే చాలు, ఎవరో ఒకరు దీని రిజల్ట్స్ తెచ్చి "చూశారా, దేశానికో నీతి, సైన్స్ తేల్చేసింది" అంటారు. తేల్చలేదండీ. అది చెప్దామనే రాస్తున్నా.

ముందు ఎలా ఉంటుందో చెప్తా. జడ్జ్ అని నొక్కితే పక్కపక్కన రెండు బొమ్మలు వస్తాయి. డ్రైవర్ లేని కారు, బ్రేకులు పోయాయి, ఎదురుగా జీబ్రా క్రాసింగ్. నేరుగా పోతే ఒక ముసలాయన, ఒక ముసలావిడ పోతారు, పక్క లేన్లోకి తిప్పితే ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఎవరు పోతారో వాళ్ళ దగ్గర పుర్రె గుర్తు. దాటేవాళ్ళకి రెడ్ సిగ్నల్ పడిందా గ్రీన్ పడిందా అనేది కూడా కొన్నిట్లో ఉంటుంది. కింద డిస్క్రిప్షన్ బటన్ తప్పకుండా నొక్కండి, లేకపోతే ఎవరు డాక్టరో ఎవరు దొంగో ఎవరు ఇల్లు లేని మనిషో బొమ్మ చూసి సరిగా అర్థం కాదు. ఇలాంటివి 13 వస్తాయి. చివర్లో మీరు ఎవర్ని ఎక్కువ కాపాడారు, ఎవర్ని ఎక్కువ పోనిచ్చారు, మిగతా జనంతో పోలిస్తే మీరెక్కడున్నారు అని స్కేళ్ళ మీద గీతలతో చూపిస్తుంది.

డిజైన్ పరంగా పెద్దగా వంక పెట్టడానికి లేదు. రెండేళ్ళలో 233 దేశాలు, ప్రాంతాల నుంచి దాదాపు 4 కోట్ల క్లిక్కులు వచ్చాయి, 2018లో నేచర్ అనే సైన్స్ పత్రికలో పేపర్ వేశారు. దేశానికో నీతి అనేవాళ్ళు ఆ పేపర్లో ఒక సగమే చదువుతారు. జపాన్, తైవాన్ లాంటి చోట్ల పెద్దవాళ్ళకంటే పిల్లల్ని కాపాడాలనే మొగ్గు తక్కువ, నిజమే. తక్కువ అంతే, తిరగబడలేదు. మొత్తమ్మీద చూస్తే జంతువులకంటే మనుషుల్ని, కొద్దిమందికంటే ఎక్కువమందిని, పెద్దవాళ్ళకంటే చిన్నవాళ్ళని, ఈ మూడింట్లో ప్రపంచం అంతా ఒకే వైపుకి వంగింది, ఎంత వంగింది అన్నదాంట్లోనే తేడా. అలాగని అందరూ ఒప్పుకున్నారు కాబట్టి నీతి ఆబ్జెక్టివ్ అని ఎగిరి గంతేసేవాళ్ళకి కూడా చెప్తున్నా, అదే డేటాలో ఇల్లు లేని మనిషికంటే పెద్ద ఉద్యోగిని ఎక్కువ కాపాడారు, దొంగకంటే కుక్కని ఎక్కువ కాపాడారు. కోట్ల క్లిక్కులు పడ్డాయని ఇది న్యాయం అయిపోద్దా? నాకైతే అది చదివినప్పుడు నిజంగా బాధేసింది.

మా బాబాయ్ ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయనకి చూపిస్తే మొదట అసలు ఒప్పుకోలేదు. "బ్రేకులు పోతే గేర్లు తగ్గించుకుంటూ బండిని గట్టుకి రాసెయ్యాలి రా, మనుషుల్లోకి ఎందుకు పోనిస్తాం" అన్నాడు. గట్టు లేదు బాబాయ్, రెండే దార్లు అనుకో అన్నా. ముసలాయనా కుర్రాడా అనే బొమ్మ దగ్గర చాలాసేపు ఆగాడు. "నన్నడిగితే నన్నే పోనివ్వమంటా, నా బతుకు నేను బతికేశా. కానీ ఆ మాట నేను అనాలి, నువ్వు అనకూడదు రా."

ఆ ఒక్క మాటలో ఉన్నది ఈ సైట్ పట్టుకోలేదు. నా ప్రాణం ఇస్తా అనే పెద్దాయన, పెద్దాయన ప్రాణం పోతే పోయిందిలే అనుకునే కుర్రాడు, ఇద్దరూ నొక్కేది ఒకే బొమ్మ, డేటాలో రెండూ ఒకటే. ఎందుకు నొక్కావు అని అది అడగదు, మరి నీతి ఉండేదే ఆ ఎందుకు అనే దాంట్లో కదా.

ఇంకోటి కూడా ఆలోచించండి. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులు గారు మొదటి వితంతు వివాహం జరిపించారు, వెలివేతలు, బెదిరింపులు అన్నీ ఎదుర్కొన్నారు. ఆ రోజు ఊళ్ళో ఇలాంటి సర్వే పెట్టుంటే గీత మొత్తం ఆయనకి వ్యతిరేకంగా ఆ చివరికి పోయి ఆగేది. నీతి అంటే అక్కడున్న జనం మొగ్గే అయితే అప్పుడు తప్పు చేసింది పంతులు గారు అనాలి, తర్వాత జనం మారారు కాబట్టి ఆయన ఒప్పయ్యారు అనాలి. నేను అనలేను. మొగుడు పోయాడని చిన్నపిల్లని జీవితాంతం మూల కూర్చోబెట్టడం 1881లో కూడా తప్పే, ఎక్కువమందికి కనపడలేదంతే. ఆ పిల్ల స్థానంలో నిలబడి ఒప్పుకునే కారణం ఒక్కటి చెప్పమంటే అప్పట్లో కూడా ఎవరూ చెప్పలేరు. ఆబ్జెక్టివ్ అంటే నా ఉద్దేశం అదీ, ఆకాశం నుంచి ఊడిపడే రూల్ అని కాదు, నష్టపోయేవాడి ముందు నిలబడి చెప్పగలిగే కారణం ఉండాలి అని. జర్మనీలో డ్రైవర్ లేని కార్ల మీద వేసిన ఎథిక్స్ కమిషన్ 2017లో చేసింది ఇలాంటి పనే. ప్రమాదం తప్పనప్పుడు వయసు, ఆడా మగా, ఒంటి తీరు చూసి మనిషిని ఎంచకూడదు అంది. ఓట్లు లెక్కపెట్టి చెప్పిన మాట కాదది.

మైనస్‌లు. పది భాషల్లో ఉంది, తెలుగు లేదు, హిందీ కూడా లేదు. జవాబులిచ్చినవాళ్ళలో చదువుకున్న కుర్రాళ్ళే ఎక్కువ, అంటే మా బాబాయ్ లాంటివాళ్ళు ప్రపంచం అభిప్రాయం అనే ఆ గీతలో దాదాపు లేనట్టే. ఇంకా 13 ప్రశ్నలతోనే అన్ని స్కేళ్ళూ నింపేస్తారు కాబట్టి, కారు తిప్పకూడదు అని ఒకే రూల్ పెట్టుకుని ఆడినా ఆడవాళ్ళ మీదో లావుపాటివాళ్ళ మీదో మీకేదో మొగ్గు ఉన్నట్టు గీత పడొచ్చు, అది చూసి కంగారు పడకండి.

సర్వేగా ఐదుకి నాలుగున్నర ఇస్తా. నీతి సబ్జెక్టివా ఆబ్జెక్టివా అనేదానికి జవాబు కోసమైతే ఒకటిన్నర. చెయ్యండి, కానీ ఒక్కరే చెయ్యకండి, ఇంట్లో ఒక పెద్దాయన్నో అమ్మమ్మనో, ఇంటర్ చదివే పిల్లల్నో పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి బొమ్మకీ నొక్కే ముందు ఎందుకు అని అడగండి, రిజల్ట్స్ పేజీ చూడకపోయినా నష్టం లేదు.