మనవాడా, మంచివాడా, మాట మార్చనివాడా: ఓటుకు ఏది మేలు?

ఎన్నికల తేదీలు రాగానే నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఒకటే. "మనవాడికి వేసుకోవడం తప్పెలా అవుతుంది?" అని కొందరు. "మేం మతం చూడం, అవతలివాళ్లు చూస్తున్నారు కదా, మరి మేమే ఎందుకు ఆగాలి?" అని ఇంకొందరు. ఈ రెండు రకాలవాళ్లూ చాలాసార్లు ఒకే లిఫ్టులో పైకి వెళ్తుంటారు. విడివిడిగా జవాబు చెప్పి అలసిపోయాను కాబట్టి ఒక్కసారి కూర్చుని తూచి చూస్తున్నాను.

మన ముందున్న దారులు మూడు. మనవాడికే వేయడం. మతం ఊసెత్తకుండా వేయడం. అభ్యర్థి ఏ మతస్థుడన్నది పక్కన పెట్టి, ఆ మతంతో అతను ఏం పని చేయించుకుంటున్నాడో చూసి వేయడం. నోటా కూడా 2013 నుంచి ఉంది గాని, దానికి ఎన్ని ఓట్లు పడినా లోక్‌సభకో శాసనసభకో వెళ్లేది అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాడే. కోపం తీరుతుంది, అంతే. గుర్తు చూసి కళ్లు మూసుకుని వేసేవాళ్లకు ఈ బేరీజుతో పనే లేదు.

మొదటి దారిని వెక్కిరించడం సులువు. అద్దె ఇంటికోసం తిరిగి, పేరు చెప్పగానే "ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశామండీ" అన్న మాట నాలుగు గుమ్మాల దగ్గర విన్న మనిషి, తనలాంటి పేరున్నవాడు ఒక్కడైనా సభలో ఉండాలని కోరుకుంటే అది మూఢత్వం కాదు. 2023 డిసెంబరులో ఏర్పడిన తెలంగాణ మంత్రివర్గంలో 2025 అక్టోబరు చివర అజారుద్దీన్ ప్రమాణం చేసేదాకా ముస్లిం మంత్రి లేడు. ఆ దాదాపు రెండేళ్లూ ఆ ఖాళీ కొందరికి రోజూ కనిపించింది, నాలాంటివాళ్లకు ఎవరో చెబితే తప్ప తెలియలేదు. గుడి మాన్యం కబ్జా అయితే గుండె మండేవాడు, శ్మశానం గోడ కూలితే నిద్ర పట్టనివాడు ఆ పదవిలో ఉండాలనుకోవడమూ అలాంటిదే.

కాని మనవాడితో ఒక చిక్కుంది. అతణ్ణి నిలదీయలేం. మా డివిజన్‌లో ఒకసారి 'మనవాడే' గెలిచాడు. వర్షాకాలంలో మురుగు వంటింట్లోకి వచ్చిన రోజు ఫోను ఎత్తలేదు. కాలనీ సమావేశంలో నేను ఆ మాట అంటే, పెద్దాయన ఒకరు నన్ను పక్కకు పిలిచి, "నీ బాధ నిజమే బాబూ, కాని నువ్విలా మాట్లాడితే అవతలివాళ్లకు లాభం కదా" అన్నారు. ఆ తర్వాత రెండు వానాకాలాలు ఆ మాట చాటునే గడిచిపోయాయి. జేబులో పడిపోయిన ఓటుకు లెక్క చెప్పాల్సిన అవసరం ఎవరికుంటుంది?

ఇక మతం చూడకపోవడం. ఇది ఆదర్శవాదుల కల అనుకునేవాళ్లు మన నగరం పాత ఫలితాలు ఒకసారి చూడాలి. సికింద్రాబాద్ లోక్‌సభ స్థానం నుంచి 1957లో, 1962లో అహ్మద్ మొహియుద్దీన్, 1967లో బాకర్ అలీ మీర్జా, 1971లో, 1977లో ఎం.ఎం. హాషిం గెలిచారు. అదే కాలంలో హైదరాబాద్ స్థానం నుంచి 1957లో వినాయకరావు కొరాట్కర్, తర్వాత వరసగా మూడుసార్లు మేల్కోటే, 1977లో, 1980లో కె.ఎస్. నారాయణ. ఈ రెండు వరసలూ ఇవాళ్టి కుర్రవాళ్లకు చూపిస్తే తారుమారుగా అచ్చయ్యాయా అని అడుగుతారు. 1984లో సుల్తాన్ సలాహుద్దీన్ ఒవైసీ గెలిచినప్పటి నుంచి హైదరాబాద్ స్థానం ఆ కుటుంబం చేయి దాటలేదు. నియోజకవర్గాల హద్దులు మధ్యలో మారాయి కాబట్టి పాత జాబితాను ఇప్పటి పటం మీద యథాతథంగా పరచలేం. అయినా అది చిన్న విషయం కాదు.

అప్పటి ఓటర్లు మనకన్నా ఉదాత్తులని నేను అనుకోను. 1971లో మేల్కోటే, హాషిం ఇద్దరూ తెలంగాణ ప్రజా సమితి అభ్యర్థులు. 1969 ఉద్యమం వేడి ఇంకా చల్లారలేదు. ఓటరు ముందు తెలంగాణ అనే ప్రశ్న నిలబడింది, దాని వెనక అభ్యర్థి పేరు చిన్నదైపోయింది. పెద్ద ప్రశ్న ఎదురైతే మతం తనంతట తానే పక్కకు జరుగుతుందన్నమాట.

అంత నమ్మకంగా ఇలా అనడానికి 2020 నాకు అడ్డొస్తోంది. ఆ అక్టోబరు వరదల్లో పల్లె చెరువు కట్ట తెగి అల్ జుబైల్ కాలనీ మునిగింది, సరూర్‌నగర్ చెరువు చుట్టూ కాలనీలు మునిగాయి. నీళ్లు రెండు మతాల ఇళ్లలోకీ వచ్చాయి. డిసెంబరు 1న జీహెచ్‌ఎంసీ పోలింగు. ఇంతకన్నా పెద్ద ప్రశ్న ఏముంటుంది? తీరా ప్రచారంలో నాలాల మాట ఎంత వినిపించిందో, ఊరి పేరు మార్చడం గురించి అంతకన్నా ఎక్కువ వినిపించింది. చివరికి 150 డివిజన్లలో తెరాసకు 56, భాజపాకు 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2. మనం చూడకపోయినా, మతాన్ని తెచ్చి కళ్లముందు పెట్టేవాళ్లు ఉంటారు. పైగా "నేను మతం చూడను" అని హాయిగా అనగలిగేవాళ్లలో ఎక్కువమందికి అద్దె ఇల్లు మొదటి గుమ్మంలోనే దొరుకుతుంది. ఆ వాక్యం నేనూ చాలా ఏళ్లు వాడాను.

చట్టం సంగతి కూడా చూద్దాం. నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు రాయాలి. మతం గడి లేదు. ప్రమాణం దేవుడి పేరిట చేయవచ్చు, దేవుడి ప్రస్తావన లేకుండానూ చేయవచ్చు. ఒక్క మినహాయింపు ఎస్సీ స్థానాలది: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణల ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులకే ఎస్సీ హోదా. అంటే ఎస్సీలకు కేటాయించిన సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో నిలబడేవాడి మతం చట్టానికి పట్టింది. దాని మంచిచెడ్డలు వేరే పెద్ద చర్చ.

నాకు అసలైనది అనిపించేది ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123(3) సెక్షన్. మీరు మతం చూసి ఓటేస్తే అది నేరం కాదు. మతం పేరు చెప్పి ఓటు అడిగితే అవినీతికర చర్య, రుజువైతే ఎన్నిక రద్దు. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురి ధర్మాసనం, నలుగురు ఒకవైపు ముగ్గురు ఒకవైపుగా, అభ్యర్థి మతమే కాదు ఓటరు మతం పేరు చెప్పి అడిగినా ఇది వర్తిస్తుందని తేల్చింది. కాని ఫలితం వచ్చిన నలభై అయిదు రోజుల్లో హైకోర్టులో పిటిషన్ వేసి నిరూపించాలి. ఆ ఓపిక ఎవరికుంది? కాబట్టి మతం పేరు చెప్పి ఎవరు ఓటు అడుగుతున్నారో కనిపెట్టే పనిని పోలింగుకు ముందే, మన స్థాయిలో మనం చేసుకోవాలి. నా మొగ్గు ఎటో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

హైదరాబాద్‌లో ఆ పని చేయడానికి ఇంకెక్కడా లేని వీలుంది. ఒకే అభ్యర్థి సాయంత్రం ఆరింటికి ఒక బస్తీలో తెలుగులో, ఏడున్నరకు పక్క బస్తీలో ఉర్దూలో మాట్లాడతాడు. నాకు రెండూ వస్తాయి. ఒక ఎన్నికల్లో పనిగట్టుకుని ముగ్గురి వెంట తిరిగాను. ఒకాయన తెలుగులో "అందరం అన్నదమ్ములం" అన్నాడు, ఉర్దూలోకి మారగానే "వాళ్లు గెలిస్తే మీ గతేమిటో ఆలోచించుకోండి" అన్నాడు. అతని ప్రత్యర్థి ఉర్దూలో ఎంతో మర్యాదగా పెద్దల ఆశీస్సులు అడిగి, తెలుగు సభలో "ఈసారి వాళ్లకు బుద్ధి చెప్పాలి" అన్నాడు. ఇద్దరి మతాలు వేరు, విద్య ఒకటే. మూడో మనిషి రెండు చోట్లా మురుగు నాలాల్లో పూడిక గురించే, ఇంచుమించు అవే మాటలతో, కాస్త విసుగు పుట్టించేలా మాట్లాడాడు. డిపాజిట్ పోయింది.

ఈ పరీక్షకూ లోపాలున్నాయి. రెండు భాషల్లోనూ ఒకే విషం కక్కేవాడు మాట మార్చనివాడి కిందే లెక్క. కాకపోతే వాడు మనకు తిరిగే శ్రమ తప్పించాడు. నటన బాగా వచ్చినవాడు రెండు చోట్లా తియ్యగానే మాట్లాడి గెలిచాక మారవచ్చు. దానికి నా దగ్గర మందు లేదు. అయినా మనవాడని నమ్మి మోసపోయినప్పుడు నోరు మెదపలేకపోయాను, ఇలా ఎంచుకున్నవాడు మోసం చేస్తే కనీసం అరవగలను. నాకు ఆ తేడా చాలు.

ఉర్దూ రాదంటారా? మా కింది అంతస్తులో పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారికీ రాదు. ఇప్పుడు సభల వీడియోలు ఫోన్లలోనే తిరుగుతున్నాయి. ఆయన రోజూ పళ్లు కొనే బండి దగ్గర ఫోను పట్టుకుని నిలబడి, "ఇందులో ఏమంటున్నాడో చెప్పు భాయ్" అని అడిగారు. బండి ఆయన మొత్తం విని, చెప్పి, తన ఫోను తీసి, "ఇప్పుడు ఇదేమిటో మీరు చెప్పండి మాస్టర్ సాబ్" అన్నాడట. ఆ రోజు జామకాయలు తీసుకోవడం మరిచిపోయి ఇంటికొచ్చారు.