సిమ్యులేషన్ గదికి ఏది మేలు: రెడీమేడ్ వ్యవస్థా, సీసీ కెమెరాలా, ఓబీఎస్సా?

వైద్య శిక్షణ కోసం ఏర్పరచిన సిమ్యులేషన్ గదిలో, రోగికి బదులుగా ఉంచే బొమ్మ (మానికిన్) గుండె ఆగిపోయిన సందర్భాన్ని పదిహేను నిమిషాలు అభ్యసించిన బృందం, జరిగినదాన్ని సమీక్షించుకునే డీబ్రీఫింగ్ గదిలోకి వచ్చి కూర్చున్నప్పుడు తేలాల్సిన ప్రశ్నలు చాలా నిర్దిష్టంగా ఉంటాయి: మానిటర్ మీద గుండె లయ మారడాన్ని ఎవరు గమనించారు, అడ్రినలిన్ ఇవ్వమన్న మాట ఎవరికి వినబడింది, ఛాతీ మీద నొక్కడం ఎంతసేపు ఆగింది. వీటికి జవాబు దొరకాలంటే గది దృశ్యం, మానిటర్ తెర, మనుషుల మాటలు, ఈ మూడూ సమయం తప్పకుండా ఒకేచోట కనబడాలి, వినబడాలి. తక్కువ ఖర్చులో ఏ రికార్డింగ్ వ్యవస్థ మేలన్నది నేను ఈ కొలబద్దతోనే చూస్తాను. కెమెరా 4కే అవునా కాదా అన్నది తర్వాతి మాట.

సిమ్యులేషన్ కోసమే తయారైన రెడీమేడ్ వ్యవస్థలు ఈ కొలబద్దకు సులువుగానే నిలుస్తాయి. మానికిన్ సాఫ్ట్‌వేర్ నమోదు చేసిన సంఘటనలు వీడియో పక్కనే వరుసగా కనబడతాయి. అభ్యాసాన్ని నడిపే ఫెసిలిటేటర్ పెట్టిన గుర్తు దగ్గరికి ఒక్క క్లిక్‌తో వెళ్లవచ్చు. పది పన్నెండు గదుల్లో ఒకేసారి ఓఎస్‌సీఈ పరీక్షలు (విద్యార్థి ఒక్కోచోట ఒక్కో వైద్య నైపుణ్యాన్ని చేసి చూపేవి) నడిపి, మార్కులను, వీడియోలను విద్యార్థి పేరుతో ముడిపెట్టి దాచాల్సిన సంస్థకు ఆ ఖర్చు న్యాయమే. ఒకటి రెండు గదులే ఉన్న చోట మాత్రం ఆ సదుపాయాల్లో సగం ఎవరూ తెరిచి చూడకుండానే లైసెన్స్ గడువు ముగుస్తుంది.

రెండో దారి సీసీ కెమెరాలు, అంటే నెట్‌వర్క్ మీద నడిచే ఐపీ కెమెరాలు, వాటి దృశ్యాలను నమోదు చేసే ఎన్‌వీఆర్ అనే పెట్టె. పవర్ ఓవర్ ఈథర్నెట్ ఉన్న కెమెరాకు ఒకే కేబుల్ మీద కరెంటూ దృశ్యమూ నడుస్తాయి, ఆ కేబుల్ 100 మీటర్ల వరకు పోతుంది. వెబ్‌క్యామ్‌లకు వాడే యూఎస్‌బీ 2.0 కేబుల్‌కు హద్దు 5 మీటర్లే. ఎవరైనా బటన్ నొక్కడం మరిచిపోయినా ఎన్‌వీఆర్ రికార్డింగ్ ఆగదు, నాలుగు కోణాలనూ ఒకే గడియారం ప్రకారం చూపిస్తుంది. అయితే దొంగతనం జరిగిన మర్నాడు తీరిగ్గా వెతుక్కోవడానికి పుట్టిన యంత్రమది. చర్చ మధ్యలో ముప్పై సెకన్ల ముక్క కావాల్సివస్తే తేదీ, గంట ఎంచుకుని సమయం చూపే గీతను ముందుకూ వెనక్కూ జరపాలి, ఈలోగా కూర్చున్నవాళ్ల ధ్యాస చెదిరిపోతుంది. మానిటర్ తెరను కూడా కెమెరాతోనే పట్టాలని చూస్తే లైటు ప్రతిబింబంలో అంకెలు కొట్టుకుపోతాయి.

మూడోది ఓబీఎస్ స్టూడియో. ఉచితమైన ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటి మీదా నడుస్తుంది. మానిటర్ నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ సంకేతాన్ని కంప్యూటర్‌లోకి తెచ్చే క్యాప్చర్ కార్డ్ ద్వారా, ఐపీ కెమెరాను నెట్‌వర్క్‌లో దాని వీడియో దొరికే ఆర్‌టీఎస్‌పీ చిరునామా ద్వారా తీసుకుని, అన్నింటినీ ఒకే తెరలో అమర్చి రికార్డు చేయవచ్చు. 2024లో వచ్చిన 30.2 వెర్షన్ నుంచి హైబ్రిడ్ ఎంపీ4 అనే ఫైలు రకంలో రికార్డు చేసేటప్పుడు కీబోర్డు మీద ఒక హాట్‌కీ నొక్కి చాప్టర్ గుర్తులు పెట్టే వీలుంది. చాప్టర్లు చూపించే ప్లేయర్‌లో ఆ గుర్తు దగ్గరికి నేరుగా దూకవచ్చు. రెడీమేడ్ వ్యవస్థలో నాకు అత్యంత విలువైనదిగా కనబడిన సదుపాయం ఇదే.

దీనికీ చిక్కులున్నాయి. నెట్‌వర్క్ మీదుగా వచ్చే దృశ్యం మైకు ధ్వని కంటే ఆలస్యంగా చేరుతుంది కాబట్టి, మొదటిరోజే కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొట్టి, తేడాను కొలిచి, ధ్వనిని ఆలస్యం చేసే అమరిక అయిన మైకు సింక్ ఆఫ్‌సెట్‌లో ఆ మిల్లీసెకన్లు వేయాలి. మానిటర్ దృశ్యాన్నీ అంతే ఆలస్యం చేయాలి. మామూలు ఎంపీ4లో రికార్డు చేస్తుండగా కరెంటు పోతే ఫైలు సాధారణంగా తెరుచుకోదు, ఎంకేవీ అనే మరో రకం ఫైలులో అప్పటిదాకా నమోదైన భాగం మిగులుతుంది. ఒక మంచి అభ్యాసాన్ని పోగొట్టుకున్నాకే నేను ఈ తేడా తెలుసుకున్నాను.

మూడు దారుల్లోనూ ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ధ్వని. పైకప్పు కెమెరాలో ఉండే చిన్న మైకుకు ఏసీ హోరు ముందు వినబడుతుంది, నర్సు మాట తర్వాత. బహిరంగ ప్రదేశంలో దూరం రెట్టింపైతే ధ్వని 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో గోడల ప్రతిధ్వని ఆ లోటును కొంత పూడ్చినా మాటల స్పష్టతను చెడగొడుతుంది. అందుకే మంచం తల దగ్గర ఒక బౌండరీ మైకు (చదునైన తలానికి ఆనించి పెట్టేది), బృంద నాయకుడి చొక్కాకు ఒక వైర్‌లెస్ మైకు పెట్టడం రెండో కెమెరా కొనడం కంటే మేలు. ఓబీఎస్ ఆరు ఆడియో ట్రాక్‌ల వరకు విడిగా నమోదు చేస్తుంది కాబట్టి ఒక మైకులో రొద వచ్చినా రెండోది వినవచ్చు.

ఇంకొక సంగతి కొనుగోలుకు ముందే గుర్తుంచుకోవాలి. అనస్థీషియాలజీ పత్రికలో 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో మాటలతో మాత్రమే డీబ్రీఫింగ్ పొందినవారూ, వీడియో తోడుగా పొందినవారూ మెరుగుపడ్డారు గానీ, ఆ రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అధ్యయనం ఒక్కటే అయినా, ఖరీదైన చిత్రం కోసం తొందరపడనక్కరలేదని నేను దాని నుంచి గ్రహించాను.

అందువల్ల ఒకటి రెండు గదుల కేంద్రానికి నేను చెప్పేది మిశ్రమ మార్గం: రెండు పవర్ ఓవర్ ఈథర్నెట్ కెమెరాలు, ఒక క్యాప్చర్ కార్డ్, రెండు మంచి మైకులు, ఓబీఎస్ నడిపే ఒక కంప్యూటర్, వీలైతే అవే కెమెరాలకు వెనక ఒక ఎన్‌వీఆర్, కంప్యూటర్ మొరాయించిన రోజు కోసం. సెకనుకు 4 మెగాబిట్ల వేగంతో గంట రికార్డింగ్‌కు 1.8 జీబీ పడుతుంది. రోజుకు నాలుగు గంటలు నడిపినా 1 టీబీ డిస్క్ నాలుగు నెలలకు పైగా సరిపోతుంది. కెమెరాలను ఇంటర్నెట్‌తో సంబంధం లేని ప్రత్యేక నెట్‌వర్క్ స్విచ్ మీద ఉంచి, వాటితో వచ్చిన పాస్‌వర్డ్ మార్చాలి. డిస్కులో చోటున్నంత కాలం ఏ రికార్డింగ్‌నూ ఎవరూ చెరపరు కాబట్టి, చెరిపే తేదీని శిక్షణార్థులు సంతకం చేసే అంగీకార పత్రంలోనే రాసిపెట్టాలి.