వేటా, సేద్యమా: సన్నికల్లు చెప్పే సాక్ష్యం

చరిత్ర పాఠం చెప్పే నాకు ఏటా ఎదురయ్యే ప్రశ్న ఇది: వేట మాని సాగులోకి దిగాక మనిషి బాగుపడ్డాడా, చెడ్డాడా? ఇన్నాళ్లూ "రెండింటిలోనూ మంచిచెడ్డలున్నాయి" అని దాటవేశాను. ఇప్పుడు నా మొగ్గు వేట, సేకరణల వైపే. కాకపోతే అందరూ చెప్పే కారణం నాది కాదు.

అందరూ తీరిక గురించి చెబుతారు. 1960లలో ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో, డోబే దగ్గర వేట, సేకరణలతో బతికేవాళ్ల పనిని మానవశాస్త్రవేత్త రిచర్డ్ లీ లెక్కకట్టగా, తిండి సంపాదనకు వారంలో రెండున్నర రోజులు కూడా పట్టలేదు. అయితే ఆ లెక్కలో కాయలు పగలగొట్టడం, వండడం, పనిముట్లు చేసుకోవడం లేవు. అవీ కలిపితే వారానికి 40 గంటలు దాటింది. నాకు అసలు విషయం అక్కడే కనిపించింది. తిండి తేవడం ఒక పని, దాన్ని నోటికి అందేలా చేయడం ఇంకో పని. రెండోదాన్ని మనం లెక్కలోకే తీసుకోం.

తేవడం అంత కష్టమేమీ కాదు. 1966లో వృక్షశాస్త్రవేత్త జాక్ హార్లన్ ఆగ్నేయ టర్కీ కొండల్లో చెకుముకి రాతి కొడవలి పట్టి అడవి గోధుమ కోశాడు. గంట పనికి కిలో గింజలు దక్కాయి. మూడు వారాలు కోస్తే ఒక కుటుంబానికి ఏడాది గ్రాసం దాటుతుందని తేల్చాడు. కానీ ఆ గోధుమ పొట్టు ఒక పట్టాన వదలదు. దంచాలి, చెరగాలి, ఆపైన నూరాలి. ఎవరు నూరారు?

సిరియాలో యూఫ్రటీస్ నది ఒడ్డున ఉన్న అబు హురేరా అనే పాత ఊరి దిబ్బలో దీనికి జవాబు దొరికింది. ఆనకట్ట నీటిలో మునిగేలోపు 1972, 73లలో ఆ దిబ్బను తవ్వారు. సుమారు 13,000 ఏళ్ల కిందట అక్కడ స్థిరపడినవారు జింకలను వేటాడేవారు. వాళ్ల కాలపు కాలి బొగ్గైన గింజల్లో 150కి పైగా మొక్కల జాతులు బయటపడ్డాయి. సాగు కుదురుకున్నాక కంచంలో మిగిలినవి గోధుమ, బార్లీ, పప్పులు వంటి కొన్నే. ఆ రైతుల ఎముకలను పాత ఎముకల నిపుణురాలు థియా మొల్సన్ పరీక్షించారు. మోకాళ్లు, నడుము, కాలి బొటనవేలి కీళ్లు అరిగిపోయి ఉన్నాయి, అదీ ఎక్కువగా ఆడవాళ్లలో. కాలివేళ్లు మడిచి మోకాళ్ల మీద కూర్చుని, గంటల తరబడి రాతిని ముందుకూ వెనక్కూ తోయడమే కారణమని ఆమె నిర్ధారణ. పిండిలో కలిసిన రాతిపొడికి పళ్లూ పాడయ్యాయి. మన పెళ్లిలో వధువు కాలిని సన్నికల్లు మీద పెట్టించి మెట్టెలు తొడిగే తంతు చూసినప్పుడల్లా ఈ బొటనవేళ్లు గుర్తొస్తున్నాయి నాకు.

పాత ఎముకలే కాదు, ఫిలిప్పీన్స్‌లో వేట, సేకరణలతో బతికే అగ్తా జనంలోనూ ఇదే తేలింది. సాగు వైపు ఎక్కువగా మళ్లినవారు వారానికి సుమారు పది గంటలు అదనంగా పనిచేస్తున్నారు, తీరిక ఎక్కువగా కోల్పోయింది స్త్రీలే.

పశుపోషణను కూడా లెక్కలోకి తీసుకోమంటారు కొందరు. పాలమూరు ప్రాంతపు ఉట్నూరులో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ పశువుల దొడ్లలో పేడ కాలి ఏర్పడినదే. అయినా మందలు మేపినవాళ్లూ ధాన్యం నూరుకున్నారు కాబట్టి ఆ దారి పెద్ద తేడా చూపదు. చేపలు పుష్కలంగా దొరికే తీరాల సంగతి వేరు. అది అందరికీ దక్కేది కాదు.

సాగు పక్షాన ఒక బలమైన మాట ఉంది. ధాన్యపు జావ ఉంటే బిడ్డ త్వరగా పాలు మానుతుంది, కాన్పుల మధ్య ఎడం తగ్గుతుంది. అబు హురేరా జనాభా వేలకు చేరింది. అంతమందికి అడవి సరిపోదు కనుక వెనక్కి దారి లేదు. ఊరికి సాగు మేలు చేసింది, నూరే మనిషికి మాత్రం చేయలేదు.

ఆ ఊరివాళ్లు కూడా ఒక్కసారిగా ఎటో ఒకవైపు తేల్చుకోలేదు. విత్తడం మొదలయ్యాక కూడా వెయ్యేళ్ల పాటు జింకలను వేటాడుతూనే ఉన్నారు. గొర్రెలూ మేకలూ ప్రధానమైంది ఆ తర్వాతే.