‘రేపొస్తుంది సార్’: ఒకే మందుల షాపులో ఆరేళ్లు

ఆరేళ్లుగా మా ఇంటి మందులన్నీ ఒకే షాపులో కొంటున్నాం. నాన్నకి షుగర్, అమ్మకి థైరాయిడ్, ఈ మధ్య నాకు బీపీ కూడా తోడైంది, కాబట్టి నెలకి రెండు మూడు సార్లు ఆ కౌంటర్ ముందు నిలబడక తప్పదు. షాపు పేరు చెప్పను, రేపు మళ్లీ అక్కడికే వెళ్లాలి. ఎప్పుడో ఒకసారి జ్వరం బిళ్ళలకి వెళ్లొచ్చినవాళ్లని అడిగితే బాగానే ఉందంటారు. నిజమే, పారాసెటమాల్ కొనడానికి ఏ షాపైనా బాగానే ఉంటుంది. ప్రతి నెలా అదే మందు, అదే మోతాదులో కావాల్సినవాళ్లకి తెలుస్తుంది అసలు సంగతి.

నా మొదటి కంప్లైంట్, అన్నిటికంటే పెద్దది కూడా, ఏంటంటే మందు లేకపోతే లేదని చెప్పరు. ఫోన్ చేసి ఫలానా ఇన్సులిన్ పెన్ (పెన్ను లాంటి ఇంజెక్షన్) ఉందా అంటే లోపలికి తొంగి కూడా చూడకుండా "ఉంది సార్, రండి" అంటారు. వెళ్తే ఫ్రిజ్ తలుపు తీసి, నాలుగు డబ్బాలు అటూ ఇటూ జరిపి, "ఇప్పుడే అయిపోయింది సార్, రేపొస్తుంది" అంటారు. ఆ రేపు ఎప్పటికీ రాదు. ఒకసారి ఇలాగే నాలుగు రోజులు తిప్పారు. పెన్నులో మొత్తం 300 యూనిట్లుంటాయి, నాన్న రోజుకి 22 తీసుకుంటారు, సూది మార్చినప్పుడల్లా రెండు యూనిట్లు బయటికి వదిలి చూసుకోవాలి, అంటే ఒక పెన్ను పన్నెండు రోజులొస్తుంది. లెక్క ఇంత పక్కాగా ఉంటుంది కాబట్టే నేను మూడు నాలుగు రోజుల ముందే వెళ్తాను. ఆ నాలుగు రోజులూ రోజూ రాత్రి పెన్నుని లైటు ముందు పెట్టి ఇంకెంత మిగిలిందో చూసుకోవడమే పని. ఐదో రోజు పొద్దున్నే వేరే షాపుకి వెళ్తే పది నిమిషాల్లో దొరికింది. "మా దగ్గర లేదు సార్, ఎప్పుడొస్తుందో తెలీదు" అని మొదటి రోజే ఒక్క ముక్క చెప్పుంటే ఆ టెన్షన్ అంతా ఎందుకు? లేదని చెప్తే కస్టమర్ పక్క షాపుకి పోతాడని భయం కాబోలు. చివరికి పోయింది కూడా అక్కడికే.

సరే, మందు ఉన్న రోజు సంగతి. వాడటం మొదలుపెట్టని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, డబ్బా మీదే రాసి ఉంటుంది. వాళ్లు ఫ్రిజ్‌లోంచి తీసి కంప్యూటర్ పక్కన పెట్టి, నా వెనక వచ్చిన ముగ్గురికి బిల్లు కొట్టి, ఫోన్ మాట్లాడి, అప్పుడు నా వైపు చూస్తారు. ఐస్ ప్యాక్ అడిగితే "ఏం కాదు సార్, దగ్గరే కదా" అంటారు. ఆ కాసేపటికి మందు పాడైపోదని నాకూ తెలుసు. తలుపు వేసి ఉన్నప్పుడు ఆ ఫ్రిజ్ ఎలా పని చేస్తోందో అన్నదే నా అనుమానం. ఒకసారి పెన్ను డబ్బా తడిసి, ఒక మూల మంచు పట్టి ఉంది. ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే కరిగించి వాడకూడదు. నేను తీసుకోను అంటే అదేదో వాళ్ల మీద నింద వేసినట్టు ముఖం పెట్టి, దాన్ని మళ్లీ అదే ఫ్రిజ్‌లో పెట్టారు. అది ఎవరింటికి వెళ్లిందో మరి. ఒక్క విషయంలో మాత్రం నేను వాళ్ల వైపే: అమ్మిన ఇన్సులిన్ వెనక్కి తీసుకోరు. తీసుకోకూడదు కూడా, ఇంటికెళ్లాక నేను దాన్ని ఎక్కడ పెట్టానో వాళ్లకేం తెలుసు?

అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది అమ్మ థైరాయిడ్ మందు. ఆవిడది 50 మైక్రోగ్రాముల బిళ్ళ. ఒక నెల స్టాక్ లేదని 25వి ఇచ్చి "రెండేసి వేసుకోమనండి" అన్నాడు కౌంటర్ కుర్రాడు. లెక్క ప్రకారం తప్పేం లేదు, కానీ ఆ మాట చెప్పింది నాకు, మింగేది అమ్మ. నేను ఇంటికొచ్చి కవరు టేబుల్ మీద పెట్టి హడావిడిగా ఆఫీసుకి పోయాను, చెప్పడం మర్చిపోయాను. ఇందులో నా తప్పు లేదనను. అమ్మ అలవాటుగా పొద్దున్నే పరగడుపున ఒకటి వేసుకుంటూ పోయింది. పదకొండు రోజుల తర్వాత స్ట్రిప్ వెనక సన్న అక్షరాల్లో 25 అని నేను చూసేదాకా సగం డోసే. ఈ మందు డోసు మారితే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ ఎలా ఉందో రక్త పరీక్షలో చూసే హార్మోన్) కుదురుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, అందుకని డాక్టర్ గారు ఆ నెల చేయాల్సిన రక్త పరీక్ష వెనక్కి జరిపారు. ఆ స్ట్రిప్ మీద పెన్నుతో ‘రోజుకి 2’ అని రాయడానికి ఎంతసేపు పడుతుంది? కుర్రాడి చెవి మీదే ఉంది పెన్ను.

నాన్న షుగర్ బిళ్ళ మెట్‌ఫార్మిన్‌ది ఇంకో కథ. చీటీ మీద 1000 ఎస్‌ఆర్ అని ఉంటే మామూలు 1000 ఇచ్చారు. ఎస్‌ఆర్ అంటే కడుపులో నెమ్మదిగా విడుదలయ్యేది, మామూలుది ఒక్కసారిగా కరిగిపోతుంది, చాలామందికి కడుపు పాడవుతుంది. నాలుగు రోజులు నాన్నకి ఒకటే విరేచనాలు, తిన్నది పడలేదేమో అనుకున్నాం. చివరికి పాత ఖాళీ స్ట్రిప్, కొత్త స్ట్రిప్ పక్కపక్కన పెట్టి చూస్తే అదే కంపెనీ, అదే రంగు, రెండక్షరాలు లేవు అంతే. తీసుకెళ్లి చూపిస్తే "అదీ ఇదీ ఒకటే సార్" అన్నారు. ఒకటే అయితే రెండు రకాలు ఎందుకు తయారు చేస్తారయ్యా అని గట్టిగానే అన్నాను. కట్ చేసిన స్ట్రిప్ వాపసు తీసుకోం అన్నారు. కట్ చేసింది ఎవరు?

ఆ కట్ చేయడం కూడా ఒక పద్ధతిగా ఉండదు. పదిహేను బిళ్ళల స్ట్రిప్‌లో పది అడిగితే కత్తెర పెట్టి కోసి, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్కని వాళ్ల డబ్బాలో వేసుకుని, ఏమీ లేని ముక్క మనకిస్తారు. తేదీ ఎక్కడ అంటే వాళ్ల ముక్క ఎత్తి చూపిస్తారు. బిల్లు అడిగితే "కావాలా?" అని ఎదురు ప్రశ్న. కావాలయ్యా, బ్యాచ్ నంబర్ ఉండేది అందులోనే. ఇంకోటి, రద్దీలో "నిద్ర మాత్రలు ఎవరివి?" అని లోపలి నుంచి కేక వేస్తారు. ఒకావిడ చెయ్యి సగం ఎత్తి దించేసింది, నాకే అదోలా అనిపించింది.

ఇంత చెప్పాక మరి ఎందుకు వెళ్తున్నావంటే, సాయంత్రాలు ఒక పెద్ద ఫార్మసిస్ట్ ఉంటారు. కళ్లజోడు పెట్టుకుని చీటీ మొత్తం చదువుతారు, ఎంత రద్దీ ఉన్నా. అమ్మకి కొత్తగా కాల్షియం రాస్తే "థైరాయిడ్ బిళ్ళ పొద్దున్నే కదా? దీన్ని దానితో కలపొద్దు, నాలుగు గంటలు గ్యాప్ ఉండాలి, మధ్యాహ్నం వేసుకోమనండి" అని చెప్పింది ఆయనే. నేను నడుం నొప్పికి ఐబుప్రోఫెన్ అడిగితే "మీకు బీపీ ఉంది కదా, అది బీపీ పెంచుతుంది, ముందు డాక్టర్ని అడగండి" అని ఇవ్వలేదు. ఆ మెట్‌ఫార్మిన్ స్ట్రిప్ కూడా సాయంత్రం ఆయన వచ్చాక ఒక్క మాట అనకుండా మార్చి ఇచ్చారు.

ఐదుకి రెండు ఇస్తాను, ఆ రెండూ ఆయనవే. ఇన్సులిన్ మాత్రం వేరే చోట కొంటున్నాను ఇప్పుడు. బిళ్ళలకి ఇక్కడికే వెళ్తాను, పాత ఖాళీ స్ట్రిప్ జేబులో పెట్టుకుని వెళ్లి, కౌంటర్ దగ్గరే పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చుకున్నాకే డబ్బులిస్తాను. వెనకవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ. మీరూ వెళ్లేట్టయితే సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి, పొద్దున పూట ఆయన ఉండరు.