ట్రెంథమా, విట్లీ కోర్టా?

ఇంగ్లండ్‌లో కనుమరుగైన పెద్ద భవంతుల్లో ఒక్కటే చూసే టైముంటే నా ఓటు విట్లీ కోర్టుకే. స్టాఫర్డ్‌షైర్‌లో ట్రెంథమ్ హాల్ పక్కన పారే ట్రెంట్ నది కుండల ఫ్యాక్టరీల ఊళ్ల మురికితో కంపు కొట్టి, సదర్లాండ్ డ్యూక్ కుటుంబం ఆ ఇంటిని వదిలేసింది, 1912 ప్రాంతంలో చాలావరకు కూలగొట్టేశారు. తోటలు మాత్రం అద్భుతం: తోటల రూపశిల్పి కేపబిలిటీ బ్రౌన్ వేసిన చెరువు, ఆర్కిటెక్ట్ చార్లెస్ బారీ వేసిన ఇటాలియన్ తోట. పూలే కావాలంటే అక్కడికే వెళ్లండి. కానీ ఇల్లేదీ?

వూస్టర్‌షైర్‌లోని విట్లీ 1937లో కాలిపోయినా గోడలు నిలిచాయి. కప్పులేని గదుల్లో నిలబడి, అద్దాల్లేని కిటికీల్లోంచి తోటల డిజైనర్ నెస్‌ఫీల్డ్ వేసిన తోటను చూస్తుంటే, ఈ చూపు కోసమే అదంతా వేశారని అర్థమవుతుంది. ట్రెంథమ్‌లో ఇది ఊహించుకోవాల్సిందే. విట్లీలో గ్రీకు పురాణ వీరుడు పెర్సియస్ రాతి ఫౌంటెన్‌కి ఒకప్పుడు ఆవిరి ఇంజన్ నీళ్లు తోడేది. ఇప్పటికీ నిర్ణీత వేళల్లో వదులుతారు, టైమ్ చూసుకునే బయల్దేరండి.