ఓగర్లా, గోబ్లిన్లా? లోకల్ టోర్నీకి ఏ సైన్యం మేలు

బల్ల మీద బొమ్మల సైన్యాలతో ఆడే కింగ్స్ ఆఫ్ వార్ టోర్నీకి పేరిచ్చిన కొత్తవాళ్ళు మొదట అడిగేది ఒకటే: కొద్దిమంది బలిష్ఠులతో పోవాలా, మందను తోలుకుపోవాలా? ఈ ఆటలో ఆ రెండు కొసలకూ అచ్చంగా సరిపోయే సైన్యాలు ఓగర్లు, గోబ్లిన్లు. ఓగర్ అంటే మనిషికి రెండింతలుండే మోటు రాక్షసుడు. గోబ్లిన్ అంటే మోకాలెత్తు పచ్చ పిడుగు, పిరికివాడు, జిత్తులమారి. నా జవాబు ముందే చెప్పేస్తా: మొదటి టోర్నీకైతే ఓగర్లే. నేను మాత్రం గోబ్లిన్లనే ఆడతా. అదెందుకో తర్వాత చెప్తా.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. దీన్ని 2010లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌కు చెందిన మాంటిక్ గేమ్స్ తెచ్చింది. రూల్స్ రాసింది అలెస్సియో కవటోరె, అంతకుముందు వార్‌హామర్ ఆటలు చేసే గేమ్స్ వర్క్‌షాప్‌లో పనిచేసినవాడు. 2015లో పాత వార్‌హామర్ ఫాంటసీని ఆపేసి గేమ్స్ వర్క్‌షాప్ ఏజ్ ఆఫ్ సిగ్మార్‌కు మారినప్పుడు, వరసలు కట్టి నడిచే సైన్యాలంటే ఇష్టపడేవాళ్ళు చాలామంది ఇటు వచ్చారు. మేం ఆడేది 2019లో వచ్చిన మూడో ఎడిషన్. ఆరడుగులకు నాలుగడుగుల బల్ల, ట్రేల మీద అతికించిన బొమ్మలు, ఒక టేపు, గుప్పెడు డైస్. దెబ్బ తగిలితే బొమ్మ తీసేయడం ఉండదు, దెబ్బల లెక్క పక్కన గుర్తుపెట్టుకుంటాం. ఎవరి టర్న్ అయితే వాళ్ళే డైస్ వేస్తారు. గుద్దించుకున్నవాడు తన టర్న్ వచ్చేదాకా నోరు మూసుకుని ఉండాల్సిందే.

ఈ చివరి మాటలోనే ఓగర్ల మొదటి లాభం ఉంది. ఛార్జ్, అంటే ఉరికి వెళ్ళి గుద్దే దూరం ఇక్కడ డైస్ మీద ఆధారపడదు, యూనిట్ (ఒక ట్రే మీది దళం) వేగానికి రెట్టింపు, అంతే. ఓగర్ యోధుల వేగం 6, కాబట్టి 12 అంగుళాలు. కాలినడక గోబ్లిన్ల వేగం 5, అంటే 10. తేడా రెండంగుళాలే కదా అనిపిస్తుంది. ఆ రెండంగుళాల్లోనే ఆట సగం ఉంది. ఎదురెదురుగా నిలబడితే ముందు గుద్దేది ఎప్పుడూ ఓగరే. టేపు పరిచి 11 అంగుళాల దగ్గర ఆగిన ఓగర్ ఆటగాడు నింపాదిగా టీ తాగొచ్చు. గోబ్లిన్ ఆటగాడు ముందుకు రాలేడు, వెనక్కి పోతే చోటు పోగొట్టుకుంటాడు.

ఇక గుద్దితే ఏమవుతుందో చూడండి. ఆరుగురు ఓగర్ యోధుల హోర్డ్‌కు, అంటే పెద్ద దళానికి, 18 దెబ్బలు, అంటే 18 డైస్. 3, ఆపైన పడితే తగిలినట్టు, అంటే సగటున 12. గోబ్లిన్ రాబుల్, అంటే మామూలు కాలినడక మంద, రక్షణ 4, అంటే తగిలిన దెబ్బ దిగాలంటే 4, ఆపైన పడాలి. ఓగర్ల బరువు దెబ్బ దాన్ని ఒక మెట్టు దించుతుంది కాబట్టి మళ్ళీ 3 పైన పడితే చాలు. 12లో 8 దిగుతాయి. అదే నలభైమంది గోబ్లిన్ల హోర్డ్ ఎదురుగా గుద్దితే 25 దెబ్బలు, 5 పైన పడితేనే తగిలినట్టు, ఎనిమిదికి కాస్త పైన. ఓగర్ రక్షణ 5, కాబట్టి అందులో మూడోవంతే దిగుతాయి. సగటున మూడు కూడా నిండవు. నలభైమంది కలిసి చేసేది అది.

బలవంతమైన సర్పాన్ని చలిచీమలు చంపే కథ మనందరికీ నోటికొచ్చు. ఈ బల్ల మీద మాత్రం చీమలు ఎదురుగా వస్తే చచ్చేది చీమలే. పైగా చోటు సమస్య కూడా ఉంది. ఓగర్ హోర్డ్ ముందుభాగం 120 మిల్లీమీటర్లు, గోబ్లిన్ హోర్డ్‌ది 200. ఒకటి వెళ్ళి తగులుకుంటే రెండోదానికి అక్కడ జాగా దొరకడమే కష్టం. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్నట్టు, వెనక ఎంతమంది ఉన్నా కత్తి ఆడించేది ముందున్నవాళ్ళే.

అయితే గోబ్లిన్లకు బతుకెక్కడ? పక్కల్లో, వెనకాల. ఈ ఆటలో పక్కనుంచి గుద్దితే దెబ్బలు రెట్టింపు, వెనకనుంచి గుద్దితే మూడింతలు. వెనకనుంచి ఆ పనికిరాని హోర్డే 75 డైస్ వేస్తుంది. సగటు దెబ్బ ఎనిమిదికి కాస్త పైన. దాదాపు ఓగర్లు ఎదురుగా గుద్దినంత! నాకు ఈ ఆట మీద ప్రేమ పుట్టించిన లెక్క ఇదే.

ఒకసారి మా నెల్లూరు మాగుంట లేఔట్‌లో ఒక మిత్రుడి మేడ మీద ఆడుతుంటే కావలి నుంచి వచ్చిన కుర్రాడు గోబ్లిన్లతో ఓగర్లను వరసగా రెండు టర్న్‌లు ఎదురుగానే గుద్ది, "ఏందన్నా ఇది, ఎంత గుద్దినా కదలడంలా" అని డైస్ బల్ల మీద పారేశాడు. అతని కుక్కరౌతులు, గోబ్లిన్లలో ఫ్లీబ్యాగ్ రైడర్లంటారు, అవతలి మూల ఖాళీగా నిలబడి ఉన్నాయి. "వాటిని ఎందుకు తెచ్చుకున్నావబ్బయ్యా?" అన్నా. తర్వాతి టర్న్‌లో వాటిని ఓగర్ల ముందు అడ్డంగా నిలబెట్టాడు. ఓగర్లు వాటిని తుక్కు చేశాయి, చేసి అటు తిరిగాయి. తిరగగానే వీపు రాబుల్ హోర్డ్ వైపు పడింది. స్టీలు పళ్ళెంలో 25 చొప్పున మూడుసార్లు డైస్ పోశాడు. తొమ్మిది దెబ్బలు దిగాయి.

ఆ తర్వాత నెర్వ్. ప్రతి యూనిట్‌కూ 15/17 లాంటి రెండు అంకెలుంటాయి. దిగిన దెబ్బలకు రెండు డైస్ మొత్తం కలపాలి. మొదటి అంకె చేరితే యూనిట్ తడబడుతుంది, మరుసటి టర్న్ ఛార్జ్ చేయలేదు. రెండోది చేరితే పని అయిపోయినట్టే. తొమ్మిదికి ఎనిమిది కలిస్తే పదిహేడు. కుర్రాడికి సరిగ్గా ఎనిమిదే పడింది. ఇక్కడ వెనుదిరిగి పారిపోవడం, మళ్ళీ కూడగట్టుకోవడం ఏమీ ఉండదు, చెదిరిన యూనిట్‌ను బల్ల మీద నుంచి ఎత్తేస్తారు. కాటమరాజుతో యుద్ధం నుంచి వెనుదిరిగి వస్తే ఇంట్లో మంచం అడ్డంపెట్టి, పసుపు ముద్ద పెట్టి, ఆడవాళ్ళకు పెట్టినట్టు స్నానానికి నీళ్ళు పెట్టారని ఖడ్గతిక్కన కథ చెబుతారు కదా, మా గోబ్లిన్లకు ఆ అవమానం పడే అవకాశం కూడా లేదు.

ఇదంతా విని గోబ్లిన్లు కొనకండి. ఆ కుర్రాడు చేసిన పని వరసగా ఆరు టర్న్‌లు, నాలుగైదు చోట్ల, గడియారం పక్కన టిక్‌టిక్‌మంటుండగా చేయాలి. టోర్నీలో చదరంగం గడియారం పెడతారు. మనిషికి గంట అనుకుంటే ఒక ఆట రెండు గంటలు, రోజుకు మూడు ఆటలు. టైమ్ అయిపోతే సాధారణంగా మీ యూనిట్లు ఇక ఉన్నచోటే ఉంటాయి, ఎదుటివాడు మాత్రం ఆడుకుంటాడు. 2000 పాయింట్లకు ఓగర్లయితే ఎనిమిది, తొమ్మిది యూనిట్లు. గోబ్లిన్లు సులువుగా పద్నాలుగు దాటతాయి. ట్రేల మీద ఉంటాయి కాబట్టి జరపడానికి పట్టే టైమ్ కొంచెమే. టైమ్ తినేది ఆలోచన: ఎవరిని బలివ్వాలి, ఎవరు ఎవరి దారికి అడ్డం, ఏ మూలనుంచి ఏ వీపు కనిపిస్తుంది. ఉదయం బాగానే ఉంటుంది. మధ్యాహ్నం భోజనం చేసి, చేపల పులుసు కాస్త ఎక్కువే కలుపుకుని, మూడో ఆటకు కూర్చున్నప్పుడు తెలుస్తుంది. కొత్తవాళ్ళు ఓడేది ఆ మూడో ఆటే, అదీ డైస్ వల్ల కాదు.

ఓగర్లతో అలసిపోయినా ఆడొచ్చు. ఎదురుగా ఎవడున్నాడో వాడిని గుద్దడం ఎప్పుడూ మరీ తప్పు కాదు.

వాటికీ లోపం లేకపోలేదు. తొమ్మిదిలో రెండు పోతే సైన్యంలో దాదాపు పావు వంతు పోయినట్టే. గోబ్లిన్ ఆటగాడు రెండు పోతే లెక్క కూడా పెట్టడు. సైన్యం దించేటప్పుడు ఇద్దరూ ఒక్కో యూనిట్ చొప్పున పెడతారు కాబట్టి, ఓగర్ల పెట్టె ఖాళీ అయ్యాక కూడా గోబ్లిన్ ఆటగాడి చేతిలో ఐదారు యూనిట్లు ఉంటాయి. ఎదుటివాడి ఏర్పాటంతా చూశాక తన ట్రోల్స్‌ను ఎక్కడ పెట్టాలో తీరిగ్గా తేల్చుకుంటాడు. అన్నట్టు, గోబ్లిన్లంటే రాబుల్ ఒక్కటే కాదు. దెబ్బలు మాన్పుకునే ట్రోల్స్, రాళ్ళు విసిరే యంత్రాలు, దగ్గరికొచ్చినవాళ్ళను ఊచకోత కోసే మిన్సర్ బండ్లు, వార్ ట్రాంబోన్లు, అన్నీ ఉన్నాయి. అసలు చంపేది అవే, రాబుల్ ఉన్నది చావడానికి.

ఆట షరతు కూడా చూడాలి. డామినేట్ అయితే చివర్లో బల్ల నడిమధ్య నుంచి 12 అంగుళాల లోపల ఎవరి బలగం ఎక్కువుంటే వాళ్ళది గెలుపు. ఇన్వేడ్ అయితే ఎదుటివాడి సగంలోకి ఎవరు ఎక్కువ బలగం చేర్చారన్నది లెక్క. కాలినడక పెద్ద హోర్డ్‌లకు ఈ లెక్కలో విలువ ఎక్కువ. రెండూ గోబ్లిన్ల వైపు మొగ్గే షరతులే, కాకపోతే డామినేట్‌లో మధ్యకు వచ్చిన గోబ్లిన్లు ఓగర్ల కాళ్ళ కింద పడతాయి కాబట్టి ఆ లాభం సగమే. ఇన్వేడ్‌లో మాత్రం ఓగర్లకు నిజంగా చెమట పడుతుంది. ఒక అంచున చిక్కుకుపోయిన మంచి హోర్డ్ ఎంతమందిని చంపినా లెక్కకు రాదు. చంపిన పాయింట్లు మాత్రమే చూసే కిల్ అయితే చెప్పేదేముంది, ఓగర్లే.

డబ్బు, రంగుల సంగతి. ట్రంక్ రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరిగినా ఈ బొమ్మలు దొరకవు. బయటినుంచి తెప్పించుకోవాలి, లేదా త్రీడీ ప్రింట్ చేయించుకోవాలి. మాంటిక్ బొమ్మలే ఉండాలన్న నియమం ఈ ఆటలో లేదు, అదొక హాయి. గోబ్లిన్లకు బొమ్మలు నూట యాభై దాటుతాయి. నలభైమంది హోర్డ్‌కు నలభై బొమ్మలూ అతికించనక్కర్లేదు, తక్కువకు రూల్స్ పుస్తకమే ఒప్పుకుంటుంది. మధ్యలో ఒక రాయి, విరిగిన బండి చక్రం, పెన్నా ఇసుక టీ వడకట్టుతో జల్లించి నీళ్ళు కలిపిన ఫెవికాల్ మీద చల్లితే ట్రే నిండుగా కనిపిస్తుంది. అయినా వందకు తగ్గవు. ఓగర్లకు నలభై, యాభైతో సరి. పైగా ఓగర్ ఒళ్ళంతా చర్మమే కాబట్టి ఒక బేస్ రంగు, పైన పల్చటి గోధుమ రంగు వాష్, ఎత్తుల మీద లేత రంగు పొడి కుంచెతో తుడిస్తే అడుగున్నర దూరం నుంచి బాగానే ఉంటుంది.

మన వాతావరణం ఎవరినీ వదలదు. రోహిణి కార్తెలో అక్రిలిక్ రంగు మూతలోనే పొక్కు కడుతుంది. స్టీలు డబ్బాలో తడి టిష్యూ పరిచి, పైన బటర్ పేపర్ వేసి దాని మీద రంగు కలుపుకోవాలి. వానలు మనకు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఆ తేమలో వార్నిష్ స్ప్రే కొడితే బొమ్మ మీద తెల్లటి పొగ పేరుకుంటుంది. ముసురు విరిగిన రోజు దాకా ఆగడం మేలు. పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేసిన బొమ్మలను ఎండాకాలం మూసిన కారులో వదిలేయొద్దు, అరవై డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. ఈటెలన్నీ వడలిన మునక్కాడల్లా వంగిపోతాయి. ఇందులోనూ ఓగర్లకే నష్టం తక్కువ, వాళ్ళ చేతిలో ఉండేవి లావుపాటి దుడ్డుకర్రలు.

ఒంగోలు నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చేవాళ్ళకు మోత కూడా లెక్కే. ఓగర్లు ఒక స్వీటు పెట్టెలో సరిపోతాయి, అడుగున ఇనప రేకు, ట్రేల కింద చిన్న అయస్కాంతాలు ఉంటే చాలు. గోబ్లిన్లకు రెండు సంచులు, ఒళ్ళో ఒకటి, పక్కవాడి చూపులు అదనం.

మరి నేను గోబ్లిన్లను ఎందుకు ఆడతానంటే, ఓడినా విసుగు రాదు కాబట్టి. ఓగర్లతో ఓడితే ఎక్కడ ఓడానో మొదటి ఛార్జ్‌లోనే తెలిసిపోతుంది, మిగతా గంటా ఊరికే డైస్ వేస్తూ కూర్చోవాలి. గోబ్లిన్లతో ఐదో టర్న్‌లో కూడా ఏదో ఒక మూల ఎవడిదో ఒకడి వీపు కనిపిస్తుంది. ఓపిక, సరదా రెండూ ఉన్నవాళ్ళు, రంగులు వేయడమే ఆట అనుకునేవాళ్ళు అటు రండి. కప్పు కావాలి, ఆదివారం సాయంత్రానికి తల నొప్పి వద్దు అనుకుంటే ఓగర్లు.

ఓగర్ల వైపు వెళ్ళేవాళ్ళు ఒక పని మాత్రం మర్చిపోకండి. ఓగర్ల జాబితాలోనే ఎర్ర గోబ్లిన్లు ఉన్నాయి. అన్ని పాయింట్లూ యోధులకు, సీజ్ బ్రేకర్లకు పెట్టేసి, రెండు మూడు ట్రూప్‌ల (చిన్న దళాల) ఎర్ర గోబ్లిన్ స్కౌట్లను, అంటే రౌతులను, వదిలేసేవాళ్ళే ఎక్కువ. ట్రూప్‌కు ఐదు బొమ్మలు, ఒక సాయంత్రం పని. ఎదుటివాడి రౌతులు మీ వెనక్కి చేరకుండా ఆపేది అవే, ఇన్వేడ్ పడితే చివరి టర్న్‌లో గీత దాటేవీ అవే.