పద్దెనిమిది దాటిన ఆటిజం పిల్లలకు పని నేర్పే కేంద్రం: ఏడాదిన్నర అనుభవం

మా తమ్ముడికి 4 ఏళ్లప్పుడు ఆటిజం అని తేలింది, ఇప్పుడు 26. సికింద్రాబాద్‌లో, 18 దాటినవారికి పని నేర్పే ఒక కేంద్రానికి ఏడాదిన్నరగా వెళ్తున్నాడు. పసిపిల్లలకు థెరపీ ఇచ్చే చోట్లు మా చుట్టుపక్కల చాలానే ఉన్నా, పెద్దవారిని చేర్చుకునే చోటు దొరకడానికి మాకు చాలా కాలం పట్టింది కనుక ఇది రాస్తున్నాను.

చేర్చుకునే ముందు వారు తెలివితేటల పరీక్షతో సరిపెట్టక, రెండు వారాల పాటు వాడి స్వభావాన్ని గమనించారు. కొత్తవారు వస్తే ఎంతసేపటికి కుదుటపడతాడు, పని మధ్యలో ఆపితే ఏం చేస్తాడు, ఎవరూ చెప్పకుండానే ఏ పని మళ్లీ అందుకుంటాడు అని రాసుకున్నారు. ఆటిజం ఉన్న పెద్దవారిలో సగటున ఆందోళన ఎక్కువ, కలుపుగోలుతనం తక్కువ అని పరిశోధనలు చెబుతున్నా, మావాడికి మనుషులంటే ఇష్టమే, భయమల్లా చప్పుడంటేనే.

వాడికి కనిపించినదల్లా లెక్కపెట్టే అలవాటుంది. దాన్ని మాన్పించాలని ఇంట్లో ఏళ్ల తరబడి పోరాడాం. ఇక్కడి టీచరుగారు మాత్రం కాగితపు కవర్లను 25 చొప్పున కట్టలు కట్టే పని ఇచ్చారు. మొదటిరోజే వేరొకరు కట్టిన కట్టలో 24 ఉన్నాయని దారం విప్పి, బల్ల మీదున్న కట్టలన్నీ తిరిగి లెక్కపెట్టాడట. ఇప్పుడు ఆ తనిఖీ వాడిదే.

ఈ పద్ధతికి పాత ఆధారమే ఉంది. పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో వర్ణించిన 11 మంది ఆటిజం పిల్లల్లో మొదటివాడైన డొనాల్డ్ ట్రిప్లెట్‌ను అమెరికాలో ఒక రైతు దంపతుల ఇంట ఉంచినప్పుడు, వారు అతని కొలతల ధ్యాసను బావి తవ్వి లోతు చెప్పే పనిలోకి, మొక్కజొన్న సాళ్లు లెక్కించే అలవాటును దుక్కిలోకి మళ్లించారు. డొనాల్డ్ బ్యాంకులో దశాబ్దాలు ఉద్యోగం చేసి 2023లో కన్నుమూశారు. అదే 11 మందిలో పెద్ద ఆశ్రయ సంస్థల పాలైనవారు ఉన్న నేర్పు కూడా పోగొట్టుకున్నారని 1971లో కానరే రాశారు. ఇది చదివాక, వాడి లెక్కలను మేము విసుక్కున్న ఏళ్లు తలచుకుని నాకు చాలా బాధేసింది.

లోపాలూ ఉన్నాయి. నివేదికలు ఇంగ్లిష్‌లోనే ఇస్తారు. మా అమ్మ చదవలేదు. భోజనాల గదికి రేకుల కప్పు కావడంతో స్టీలు పళ్లేల మోత భరించలేక, మావాడు మొదటి నెలంతా మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. మేము అడిగాక వరండాలో విడిగా కూర్చోబెడుతున్నారు. మీ పిల్లలను చేర్చాలనుకుంటే ఒకసారి ఒంటిగంట వేళ వెళ్లి ఆ గదిలో కాసేపు కూర్చోండి.